సల్ఫీ చెట్ల దగ్గర పదకొండు నిమిషాలు

జగదల్‌పూర్,
ఆగస్టు 19.

చెల్లి స్టెల్లాకి,

ప్రభువు దయ నీ గుమ్మంలోనూ, నీ హాస్టల్ పిల్లల పళ్లేల్లోనూ నిండుగా ఉండాలని కోరుకుంటూ నీ అన్న ఇమ్మానుయేలు రాసేది.

ఉసూర్ టవరు మళ్లీ పడకేసిందని బీజాపూర్ బస్సువాళ్లు చెప్పారు. పోనీలే. ఫోనులో అయితే నేను ప్రసంగం మొదలెట్టి నిన్ను నోరు తెరవనివ్వనని నీ ఫిర్యాదు ఎలాగూ ఉంది. కాగితం మీద ఎవరి వంతు వాళ్లకి ఉంటుంది.

నెల రోజులుగా నాకు ముద్ద సరిగ్గా దిగడం లేదు. మా కరుణశ్రీకి హాజరీ అరవై రెండు శాతమే ఉందని విశ్వవిద్యాలయం నుంచి నోటీసు వచ్చింది. డెబ్బై ఐదు లేకపోతే డిసెంబరు పరీక్షకి కూర్చోనివ్వరు. ఏనాడూ మానని పిల్ల. జ్వరంతో కూడా వెళ్లింది. ఇదేమిటమ్మా అంటే తల దించుకుని "బస్సు నాన్నా" అంది.

నీకు తెలుసుగా, ఊళ్లో పాత క్యాంపస్ ఉంది. సైన్సు క్లాసులన్నీ నగర్‌నార్ దారిలో ఇరవై కిలోమీటర్ల అవతల కట్టిన కొత్త క్యాంపస్‌కి మార్చారు. రెంటినీ కలిపేది ఒకే ఒక్క బస్సు. పాత గేటు దగ్గర ఎనిమిదీ ఇరవైకి బయలుదేరి తొమ్మిదీ ఐదుకి కొత్త గేటు చేరాలి. తొమ్మిదీ పదికి మొదటి ఏడాది వాళ్ల క్లాసు తలుపు వేసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్ల గతి నూనె లేని ఆ అయిదుగురు కన్యకల గతే. తట్టినా తియ్యరు.

నేనెవణ్ణి? ఇప్పుడు సంఘంలో బోధించుకుంటున్నా, ముప్పై నాలుగేళ్లు కిరండూల్ రైలు లైను మీద పట్టాల కీలు బిగిస్తూ కీమాన్‌గా నడిచినవాణ్ణి. పట్టా కింద ఒక్క కీ వదులైనా నా సుత్తికి చిక్కకుండా పోలేదు. నోటు పుస్తకం, వాచీ పట్టుకుని బయలుదేరాను. నాలుగు వారాలు, ఒక వారం ఈ గేటు దగ్గర, ఒక వారం ఆ గేటు దగ్గర. మోపెడ్ మీద ముందే వెళ్లి నిలబడేవాణ్ణి. చూసి నిర్ఘాంతపోయాను స్టెల్లా. నలభై సీట్ల బండిలో తొంభై మంది. ఆడపిల్లలు మెట్టు మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు. సాయంత్రం ల్యాబు ఐదున్నరకి వదిలితే ఆఖరి బస్సు ఐదింటికే వెళ్లిపోతుంది. ఫరోకి కూడా ఇశ్రాయేలు పిల్లల్ని ఇలా కుక్కాలన్న ఆలోచన రాలేదు.

అన్నిటికంటే వింత ఇది. బస్సు బయలుదేరడం ప్రతిరోజూ సరైన టైముకే. చేరడం ప్రతిరోజూ పదకొండు నిమిషాలు ఆలస్యం. పదీ కాదు, పన్నెండూ కాదు. ఆ పదకొండు నిమిషాలు ఎక్కడ పోతున్నాయి?

మొన్న తెలిసింది. దారిలో రైలు గేటు దగ్గర పనిచేసే నా పాత సావాసగాణ్ణి చూడ్డానికి వెళ్లి గేటు గుమటీ గది ముందు కూర్చున్నాను. అక్కడ రోడ్డు పట్టాల పక్కనే పోతుంది. మేము ఇవతల, రోడ్డు అవతల. ఆ బస్సు వచ్చి సల్ఫీ చెట్ల కింద ఆగింది. సల్ఫీ అంటే మన జీలుగు కల్లే కదా. అది స్టాపు కాదు. ఇంతలో ఇనుపరాయి గూడ్సు బండి అడ్డం వచ్చింది. యాభై ఎనిమిది డబ్బాలూ దాటాక చూద్దును కదా, డ్రైవరు కింద నిలబడి సొరబుర్ర ఎత్తి గటగటా తాగుతున్నాడు. ఉదయం ఎనిమిదీ యాభైకి, వెనక తొంభై మంది పిల్లల్ని పెట్టుకుని.

అర్జీ రాస్తున్నాను. ఆమోసు ప్రవక్త చెప్పిన సింహంలా గర్జిస్తాను. చూస్తూ ఉండు.

నీ అన్న
ఇమ్మానుయేలు


ఉసూర్,
సెప్టెంబరు 2.

అన్నయ్యకి,

వందనాలు. నీ ఉత్తరం పన్నెండు రోజులు తిరిగి తిరిగి చేరింది. నీ సింహం ఈపాటికి గర్జించేసిందేమో తెలీదు. గర్జించకపోతే ఒక్క పని చెయ్యి. ఆ డ్రైవరుతో ముందు మాట్లాడు. ఎందుకు ఆపుతున్నావని అడుగు. ముప్పై నాలుగేళ్లలో నువ్వు పట్టాల్ని తట్టి చూశావు గానీ మనుషుల్ని ఏనాడూ తట్టి చూడలేదు. వదిన బతికుంటే ఇదే మాట ఇంకొంచెం గట్టిగా అనేది.

అది ఏ రైలు గేటు? నెంబరు, పక్క ఊరి పేరు రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ వానలు తగ్గలేదు. నూటపది మంది పిల్లలు, రెండు మరుగుదొడ్లు, వంటమనిషికి మలేరియా. అధీక్షిక, అదే వార్డెన్, అన్న బోర్డు కింద కూర్చుని నేనే గరిటె తిప్పుతున్నాను.

మన గంగే బాగుంది. కాలేజీ హాస్టల్లో సీటు దొరికిందని అప్పుడే నీకు చెప్పాను కదా. డిగ్రీ ఆఖరి ఏడాది. నీకు కోపం తగ్గలేదని తెలుసు, అయినా రాస్తున్నాను. నీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న పిల్ల విత్తనాల పండక్కి ఊరెళ్లి నుదుట పసుపు బియ్యంతో తిరిగొచ్చిందని, "ప్రార్థనా, గడప దాటడమా, ఏదో ఒకటి ఎంచుకో" అని నువ్వన్నావు. ఆ పిల్ల మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుంది. ఆరేళ్లప్పుడు నా చేతికి వచ్చిన పిల్ల అన్నయ్యా. నా పక్కలో పడుకుని తెలుగు నేర్చుకుంది. తర్రెం అవతల వాళ్ల ఊళ్లో మూతబడిన బడి మళ్లీ తెరిచారు. పిల్లల భాష వచ్చిన టీచరు కావాలంటున్నారు. డిసెంబరులో డిగ్రీ పూర్తయితే ఆ కుర్చీ దానిదే. వాళ్ల ఊళ్లో డిగ్రీ మొహం చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. నేను బతికి చేసిన పని ఒకటి చూపించమంటే దాన్నే చూపిస్తాను.

గేటు పేరు మరచిపోకు.

నీ చెల్లి
స్టెల్లా


జగదల్‌పూర్,
సెప్టెంబరు 14.

చెల్లి స్టెల్లాకి,

యెరికో గోడలు కూలాయి. ఏడు రోజులు కూడా పట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆకాను గురించి చెప్పాను. దొంగసొత్తు వాడి గుడారం కింద దొరికినట్టు, మన పిల్లల పదకొండు నిమిషాలు సల్ఫీ చెట్ల కింద దొరికాయన్నాను. బల్లల మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. సంఘంలో, రెండు గేట్ల దగ్గర కలిపి నూట నలభై మూడు సంతకాలు. కరుణశ్రీ చేత మొదటి సంతకం పెట్టించాను. పిల్ల రెండుసార్లు కలం కింద పెట్టేసింది. ధైర్యం చెప్పాను.

అర్జీ, ఇరవై నాలుగు పేజీల నా పట్టికలు పట్టుకుని బస్సుల వ్యవహారం చూసే గిరీష్ గారి గదికి వెళ్లాను. మర్యాదస్తుడు. అద్దాలు తుడుచుకుని ప్రతి పేజీ తిప్పాడు. తన ఉద్యోగంలో ఇంత శుభ్రమైన లెక్క ఎవరూ తేలేదన్నాడు. పై వారమే కొత్త ఏర్పాటు. రెండో బస్సు వచ్చింది. ఆఖరి బండి ఐదూ నలభైకి మారింది. గేటు దగ్గర టైముల బోర్డు పెట్టారు. దారిలో మూడే స్టాపులు, నాలుగోచోట చక్రం ఆగితే డ్రైవరు మీద చర్య. బండి ఇప్పుడు తొమ్మిదీ నాలుగుకే చేరుతోంది. నా వాచీలో చూశాను.

ఆ తాగుబోతు డ్రైవరు పొజ్జాని తీసేశారు. దోర్ల తెగవాడు, కొంటా వైపువాడు, మన తెలుగు వచ్చు. గిరీష్ గారు నా ఎదుటే పిలిచి, స్టాపు కానిచోట ఎందుకాపావని అడిగారు. నోరు విప్పలేదు. నా వైపు ఒక్కసారి చూసి, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నిర్దోషి అయితే వాదించడా? ముందు మాట్లాడమన్నావు. మాట్లాడ్డానికి వాడి దగ్గర ఏముంది?

నువ్వు అడిగిన గేటు ఆమాగూడ దాటాక రెండోది. పట్టాల అవతల పదిహేను గడపల ఊరు, పక్కన వాగు. ఎందుకు అడిగావు?

నీ అన్న
ఇమ్మానుయేలు


ఉసూర్,
సెప్టెంబరు 25.

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆఖరి పేరా దగ్గర నా కళ్లు నిలవలేదు.

గంగే ఆ ఊళ్లో ఉంది.

హాస్టల్లో సీటు దొరకలేదు. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు గడప చూపించిన రోజున ఆ పిల్ల బస్టాండులో పెట్టె మీద కూర్చుని ఎవరి ఫోనో అడుక్కుని నాకు చేసింది. మా వంటమనిషి అక్క, కోసే అని, ఆ గేటు ఊళ్లోనే ఉంటుంది. భర్త లేడు, ఇల్లు పెద్దది. అక్కడ పెట్టాను. నీకు చెప్తే బైబిలు చంకన పెట్టుకుని కోసే వాకిట్లో ప్రసంగానికి దిగుతావని భయపడ్డాను. నా తప్పు నా మెడకే కట్టు. కానీ నీది విను.

గంగే ఉత్తరాల్లో రాసేది, ఆ చెట్ల దగ్గర పొజ్జా ఎక్కించుకునేది తొమ్మిది మంది ఆడపిల్లల్ని. మూడు ఊళ్లవాళ్లు. రెండు ఊళ్లు వాగు అవతల. నీళ్లు ఎంతున్నాయో చూసి దాటాలి. అతను హారను కొట్టి ఆగేవాడు. దిగి గట్టు దగ్గర చెయ్యిచ్చి ఒక్కొక్కరినే పైకి లాగేవాడు. నీ ఇనుపరాయి బండి యాభై ఎనిమిది డబ్బాలు నీ కళ్లముందు నుంచి పోతున్నప్పుడు అవతల జరిగింది అదే. బండి దాటాక నీకు కనిపించింది మిగిలిన ముక్క.

ఆ సొరబుర్రలో ఉన్నది కోసే పంపిన పేజ్. చోడి అంబలి. నువ్వూ నేనూ మజ్జిగ పోసుకుని తాగి పెరిగిన అంబలే. తెల్లవారుజామున ఇల్లు వదిలి వచ్చిన మనిషికి ఆమె రోజూ పంపేది. ముప్పై నాలుగేళ్లు బస్తర్‌లో బతికావు, సొరబుర్ర కనిపిస్తే కల్లు తప్ప ఇంకేమీ ఉండదనుకున్నావు. గుడిలో పెదవులు కదిలిస్తున్న హన్నాని చూసి తాగి ఉందన్నాడే ముసలి ఏలీ, ఆ కథ నువ్వు నాకు పదిసార్లు చెప్పావు. ఏలీ కనీసం ఆమెని అడిగాడు. ఆమె చెప్తే విన్నాడు కూడా.

గంగే నుంచి పద్దెనిమిది రోజులుగా కబురు లేదు. మా పిల్లలకి పాత పుస్తకాలు పంపినప్పుడు పెట్టే ఉత్తరం కూడా రాలేదు. ఇక్కడ మలేరియా, నేను కదల్లేను. వెళ్లు. ఇవాళే.

స్టెల్లా


జగదల్‌పూర్,
అక్టోబరు 8.

స్టెల్లా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వారం నుంచి రాస్తూ చింపుతున్నాను.

నీ ఉత్తరం చదివి కరుణశ్రీని పిలిచాను. ఆ చెట్ల దగ్గర బస్సు ఎందుకాగేదో నీకు తెలుసా అన్నాను. తెలుసంది. గంగే ఎక్కేదని తెలుసా అన్నాను. "నా పక్క సీటు తనకే ఉంచేదాన్ని నాన్నా" అంది. మరి నోరెందుకు మూసుకున్నావు, సంతకం ఎందుకు పెట్టావు అని కేక వేశాను. ఆ పిల్ల ఏడవలేదు. నా కళ్లలోకి చూసి, "మీరు నన్ను అడగలేదు నాన్నా. ప్రసంగం చేశారు" అంది.

ఆ మాట మీదే మోపెడ్ తీశాను.

కోసే ఇంటి అరుగు మీద గంగే కూర్చుని ఎడమచేత్తో రాసుకుంటోంది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా పిండికట్టు. నన్ను చూసి లేచింది. "కూర్చోండి మామయ్యా" అని పీట వేసింది, ఎడమచేత్తోనే.

జరిగింది కోసే చెప్పింది. ఆమె హల్బీలో చెప్తుంటే గంగే తెలుగులో తిప్పింది. కొన్ని మాటలు తిప్పకుండా మింగేసిందని నాకు అర్థమైంది, నాకూ కొంచెం హల్బీ వచ్చు. కొత్త బస్సు వాళ్ల ముందు నుంచి ఆగకుండా పోయిందట. మొదటి రోజు పరిగెత్తారు. రెండోరోజు చేతులెత్తారు. డ్రైవరు బోర్డు వైపు వేలు చూపించి వెళ్లిపోయాడు. దగ్గర స్టాపు ఆరు కిలోమీటర్లు. ఐదు రోజులు నడిచారు. చేరేసరికి రెండు పీరియడ్లు అయిపోయేవి. తర్వాత ఇనుపరాయి లారీలు ఎక్కడం మొదలెట్టారు. పన్నెండో రోజున లారీ డ్రైవరు కొత్త క్యాంపస్ దగ్గర ఆపనన్నాడు. ఎందుకు ఆపనన్నాడో గంగే తిప్పలేదు. కోసే ఉమ్మి వేసింది. గంగే పోతున్న లారీలోంచి దూకింది.

తొమ్మిది మందిలో నలుగురు మానేశారు. ఒకమ్మాయికి పెళ్లి కుదిర్చేశారు.

పిలాతు ఎదుట ప్రభువు మౌనంగా నిలబడ్డాడని ప్రతి శుభశుక్రవారం కళ్లనీళ్లతో చెప్పే నేను, పొజ్జా మౌనాన్ని చూసి నేరం రుజువైందనుకున్నాను. క్షమించమ్మా అందామనుకున్నాను. నోటికి రాలేదు. బదులుగా మా అమ్మాయి హాజరీ, పదకొండు నిమిషాలు, నా పట్టికలు అంటూ ఏదో నమిలాను. గంగే అంతా విని, కోపం లేకుండా, లెక్క తప్పిన పిల్లవాడికి టీచరు చెప్పినట్టు చెప్పింది.

"బస్సు పావుగంట ముందు బయల్దేరితే సరిపోయేది కదా మామయ్యా."

ఇరవై నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ వాక్యం లేదు. నాకు తట్టలేదు స్టెల్లా. దొంగ ఎక్కడున్నాడా అని వెతికాను గానీ, గడియారం ముల్లు వెనక్కి జరపొచ్చన్న ఆలోచనే రాలేదు.

ఆ పిల్ల హాజరీ ఇప్పుడు అరవై ఒకటి. ఏం చెయ్యాలో చెప్పు.

ఇమ్మానుయేలు


ఉసూర్,
అక్టోబరు 19.

అన్నయ్యకి,

చెయ్యి విరిగిందని చదివి గరిటె పక్కన పెట్టి వరండాలోకి వచ్చేశాను.

నిన్ను తిట్టొద్దని గంగే చీటీ పంపింది. అందుకని తిట్టను. ఆ చీటీ ఎడమచేతి రాత, ఒకటో తరగతిలో రాసినట్టే ఉంది.

నువ్వు గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుంటే దానికి హాజరీ రాదు. దారి కనుక్కున్నాను. రవాణా లోపం వల్ల క్లాసులు పోయాయని బస్సుల అధికారి రాసిస్తే పదిహేను శాతం దాకా మాఫీ చేస్తారు. ఫారాలకి గడువు నవంబరు అయిదు. గిరీష్ గారి దగ్గరికి వెళ్లు. నువ్వు పాడుచేసిన చోటే బాగుచెయ్యి. బోర్డు మీద ఆ ఊరి పేరు కూడా ఎక్కించు, లేకపోతే జనవరిలో ఇంకో పిల్ల లారీ ఎక్కుతుంది.

పొజ్జా ఏమయ్యాడో కనుక్కో.

స్టెల్లా


జగదల్‌పూర్,
నవంబరు 9.

చెల్లి స్టెల్లాకి,

గంగే ఫారం తీసుకున్నారు. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

గిరీష్ గారు నన్ను చూడగానే టీ తెప్పించారు. నా పట్టికల్ని మిగతా రూట్లకి కూడా నమూనాగా పెట్టారట. గోడకి అంటించి ఉన్నాయి. నా చేతిరాతకి వీపు పెట్టి కూర్చున్నాను. జరిగింది చెప్పాను. అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, రాసిస్తాను గానీ ఆధారం కావాలన్నారు. మీ అర్జీ మీద డ్రైవరుని తీశాం, మీ అర్జీ తప్పని మీరే రాసివ్వాలన్నారు. పొరబడ్డానని రాశాను. చదివి వెనక్కి తోశారు.

"పాస్టర్‌జీ, ఈ ఫారంలో పొరపాటుకి గడి లేదు. ఫిర్యాదు నిజమా, అబద్ధమా, రెండే."

నా జీవితంలో అబద్ధం ఆడలేదని ఎన్ని ప్రసంగాల్లో చెప్పుకున్నానో నీకు తెలుసు. అబద్ధం అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. కింద నా పేరు, సంఘం పేరు. నూట నలభై మూడు మంది సంతకాల మీద నడిచిన అర్జీ అది.

ఆదివారం బల్ల ముందుకి వెళ్లి అందరికీ చెప్పాను. ఈసారి ఎవరూ లేచి నిలబడలేదు. ఒకావిడ మాత్రం, "మా చేత కూడా అబద్ధసాక్ష్యం చెప్పించావు కదయ్యా" అని బయటికి నడిచింది. ఈస్టరు దాకా బోధించొద్దని పెద్దలు తీర్మానించారు. వెనక బల్ల మీద కూర్చుంటున్నాను. అక్కణ్ణుంచి నా గొంతు ఎంత పెద్దదో ఇన్నాళ్లూ అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. కొత్తగా చెప్తున్న అబ్బాయి మాట వినడానికి చెవి రిక్కించాల్సి వస్తోంది.

సోమవారం నుంచి బస్సు ఎనిమిదీ ఐదుకే బయలుదేరుతోంది. ఆ ఊరి పేరు బోర్డు మీద మూడోది. వానాకాలంలో పది నిమిషాలు ఆగాలని రాశారు. కరుణశ్రీకి హాజరీ డెబ్బై ఆరు. గంగే కట్టు విప్పారు, రాత ఇంకా వంకరగా ఉంది. మానేసిన నలుగురిలో ఇద్దరు తిరిగొచ్చారు. పెళ్లి కుదిరిన పిల్ల రాలేదు. వాళ్లింటికి వెళ్లాను. తండ్రి నన్ను కూర్చోమనలేదు.

పొజ్జా దొరికాడు. ప్లాంటు రోడ్డులో లారీలు కడుగుతున్నాడు. ఉద్యోగం మళ్లీ ఇస్తామని గిరీష్ గారు రాసిన కాగితం చేతికిచ్చాను. తడిచేత్తోనే తీసుకుని చదవకుండా జేబులో పెట్టాడు. ఆ రోజు ఎందుకు మాట్లాడలేదయ్యా అన్నాను.

"ఏం చెప్పాలె సాబ్. ఆ పిల్లల పాసులు అవతలి స్టాపువి. ఆడ ఎక్కుతున్నరని చెప్తే పాసులు గుంజుకుంటరు."

నా పాపానికి ఏం చెయ్యమంటావో చెప్పు అన్నాను. పైపు కట్టేశాడు. అతని తమ్ముడు తాగి ట్రాక్టరు తోలి చచ్చిపోయాడట. పెళ్లినాడు మామ అతని చేత ఊరందరి ముందు తాగనని ఒట్టు వేయించుకుని పిల్లనిచ్చాడు. తాగి పిల్లల బండి నడిపి ఉద్యోగం పోగొట్టుకున్నాడని కబురు ఆ ఊరు చేరింది. బామ్మర్దులు వచ్చి పెళ్లాన్ని, బిడ్డని తీసుకుపోయారు. రెండు నెలలైంది.

"కాగితం వాళ్లు చదవరు. నువ్వొచ్చి మా అత్తోళ్ల ఊర్ల నిలబడి చెప్పు. నోటితోని పోగొట్టినవ్, నోటితోనే చెప్పాలె."

ఆ ఊరు కొంటా దాటి శబరి ఒడ్డున ఉంది. వాళ్లు నన్ను ఏం చేస్తారో తెలీదు. నిజం చెప్పాలంటే భయమేస్తోంది.

ఇమ్మానుయేలు


ఉసూర్,
నవంబరు 18.

అన్నయ్యకి,

వెళ్లు. ప్రసంగం చెయ్యకు.

స్టెల్లా


కొంటా,
నవంబరు 27.

స్టెల్లా,

బస్టాండు ముందు హోటల్లో కూర్చుని రాస్తున్నాను.

పొజ్జా, నేను నిన్న పొద్దున్నే బయలుదేరాం. దారిలో ఇద్దరం కలిపి పది మాటలు మాట్లాడుకుని ఉంటాం. ఊళ్లోకి వెళ్లే ముందు అతను ఆగి, చొక్కా గుండీలు సరిచేసుకున్నాడు. అతని మామ చింతచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరు కొడుకులు, ఊరి పెద్దలు ఆరేడుగురు. ఆడవాళ్లు వాకిళ్లలో. నాకు మంచం వెయ్యలేదు. నిలబడ్డాను.

రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. నీ రెండు ముక్కల ఉత్తరం జేబులో ఉంది. నా పేరు చెప్పాను. ఈ మనిషి తాగలేదు, అతను తాగింది అంబలి, నేను దూరం నుంచి చూసి కల్లన్నాను, నా మాట మీద అతని ఉద్యోగం పోయింది అన్నాను. అంతే. దోర్లీలో ఒకాయన మళ్లీ చెప్పాడు. నేను చెప్పినదానికంటే పొట్టిగా చెప్పాడు.

బామ్మర్దుల్లో పెద్దవాడు నేలకేసి చూస్తున్నాడు. మామ పొగాకు నలుపుకుంటున్నాడు. అయిపోయిందేమో అనుకున్నాను.

వాకిట్లోంచి పొజ్జా భార్య లేచింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, చంకలో బిడ్డ. నా ముందుకి వచ్చి నిలబడింది. తెలుగులోనే అడిగింది, ఊరంతా వినేలా.

"ఆ బస్సు బాగుచెయ్యాలని తిరిగినవట. అందుల ఎన్నిసార్లెక్కినవ్?"

స్టెల్లా, ఇరవై నాలుగు రోజులు. రెండు గేట్లు. నూట నలభై మూడు సంతకాలు. ఆ ప్రశ్న గిరీష్ అడగలేదు, సంఘం అడగలేదు, నువ్వు కూడా అడగలేదు. నాకు నేను అడుక్కోలేదు.

"ఒక్కసారి కూడా ఎక్కలేదమ్మా" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. కోపంగా కాదు. ఇలాంటి మనిషి కూడా ఉంటాడా అన్నట్టు. తర్వాత బిడ్డని పొజ్జా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. మూట కట్టుకోడానికో, తలుపు వేసుకోడానికో ఎవరికీ తెలీదు. పొజ్జా బిడ్డని ఎత్తుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. నేను వెళ్లిపోవచ్చని మామ చేత్తో సైగ చేశాడు.

రాత్రి కొంటాలోనే ఉండిపోయాను. ఇంతవరకు రాసేసరికి జగదల్‌పూర్ బస్సు వచ్చింది. కిటికీ పక్కన పొజ్జా, అతని ఒళ్లో బిడ్డ. ఆమె రెండు వరసల వెనక, విడిగా, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. ఎక్కాలా, తర్వాతి బస్సుకి రావాలా అని ఫుట్‌పాత్ మీద తటపటాయిస్తుంటే డ్రైవరు హారను కొట్టాడు. పొజ్జా కిటికీలోంచి మొహం బయటపెట్టి, "ఎక్కు సాబ్, నీకోసమే ఆగిండు" అన్నాడు.

ఎక్కాను. ఈ ఆఖరి ముక్కలు బస్సులోనే రాస్తున్నాను.

అన్న